స్వాతంత్ర్యము, పెత్తనము: స్వేచ్ఛా సాఫ్టువేరు సంఘముల చరిత్ర



నేను భీమవరము ప్రాంతపు రైతును. మా యూరి నీటి సంఘములో కొన్నాళ్లు పాలకవర్గ సభ్యుడనుగా ఉంటిని. ఒక దాళ్వాలో జరిగిన సంగతిని మొదట మనవి చేసి, పిమ్మట అసలు విషయమునకు వత్తును.

ఆ యేడు నీటికి వంతులు పెట్టిరి. ఎగువ చేలవారి పిల్లలు పదిమంది కలిసి, ఎవరును అడుగకుండగనే, ఎవరును కూలి ఇయ్యకుండగనే, రెండు దినములు నడుములోతు నీటిలో నిలిచి తమ కాలువలోని గుర్రపుడెక్కను కోసివేసిరి. మెచ్చవలసిన పనియే. కాని కోసిన డెక్కను గట్టుమీదికి లాగుటకు ఓపిక చాలక నీటిలోనే వదలిరి. అది కొట్టుకొనిపోయి శివారు తూమునకు అడ్డుపడెను. మా వంతు వచ్చిన రెండు దినములును చేలకు నీరెక్కలేదు. శివారున నాటిన మళ్లు నెఱ్ఱెలు విచ్చెను.

సంఘము కూర్చున్న నాడు ఎగువవారు, "మా కాలువను మేము బాగుచేసికొంటిమి. అధికారుల యుత్తరువు వచ్చువరకు చేతులు కట్టుకొని కూర్చున్నచో పంటకాలమే గడచిపోవును గదా" అనిరి. శివారువారు, "మీ మేలు మాకు కీడాయెను. కోయుటకు ముందు ఒక్క మాట చెప్పవలదా" అనిరి. ఇరువురి మాటయు నిజమే. ఏ మాట చెప్పుటకును నాకు నోరాడలేదు.

కొంతకాలమునకు, కంప్యూటర్ల పనిలో నున్న మా మనుమడు సెలవులకు వచ్చి, తాను తీరిక వేళలలో జీతము లేక పనిచేయు ఒక సంఘమున పూర్వము జరిగిన తగవు చెప్పెను. వినగా అది అచ్చముగా మా తూము తగవే! నాటినుండి ఆ సంఘముల చరిత్రను వానిని అడిగియు, చదివియు తెలిసికొంటిని. కోరి వచ్చి పనిచేయువారికి ఎంత స్వాతంత్ర్యము ఇయ్యవలెను, వారిపై ఎంత పెత్తనము ఉండవలెను అను ప్రశ్నను వారు నలుబది సంవత్సరములుగా విచారించుచున్నారు. దేవాలయపు కమిటీ నడపినవారికిని, గ్రంథాలయము నడపినవారికిని, కాలువ సంఘము నడపినవారికిని వారి యనుభవము పనికివచ్చునని తలంచి నేడు మీ ముందుంచుచున్నాను.

సాఫ్టువేరనగా కంప్యూటరునకు మనిషి వ్రాసి యిచ్చు ఆజ్ఞల వరుస. పిండివంట చేయు విధానమును కాగితముపై వ్రాసినట్లే అదియు మనుష్యులు చదువదగిన పాఠముగా ముందు వ్రాయబడును. తరువాత యంత్రమునకు తగిన రూపమునకు మార్చబడును. వ్యాపార సంస్థలు సామాన్యముగా యంత్రరూపమును మాత్రమే అమ్మి, మూలపాఠమును దాచుకొనును. వంటకము అమ్మి విధానము చెప్పనట్లన్న మాట.

అమెరికాలో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున పనిచేయుచుండిన రిచర్డు స్టాల్‌మన్ అను ఆయనకు ఇది సరిపడలేదు. వారి ప్రయోగశాలలో ఒక అచ్చు యంత్రము మాటిమాటికి కాగితము పట్టివేయుచుండెను. మూలపాఠ మున్నచో ఆ యంత్రము ఆగినప్పుడు అందరికి తెలియునట్లు చేయగలడు. కాని ఆ పాఠమును ఆయన కిచ్చుటకు నిరాకరించిరి. ఈ యనుభవము ఆయన మనస్సున నాటుకొనెను. 1983 సెప్టెంబరు 27వ తేదీన, ఎవరైనను చదువుటకును, మార్చుటకును, పంచుటకును వీలగు సాఫ్టువేరును తయారుచేయుదునని ప్రకటించి, దానికి గ్నూ అని పేరు పెట్టెను. 1989లో ఆయన ఒక అనుమతి పత్రమును ప్రకటించెను. అందలి ధర్మము చిన్నది: ఇది పుచ్చుకొన్న ప్రతివాడును దీనిని మార్చవచ్చును, ఇతరులకు పంచవచ్చును, కాని తాను పొందిన హక్కునే తన వద్ద పుచ్చుకొన్నవానికిని ఇయ్యవలెను.

ఈ ధర్మమునుండియే మన ప్రశ్న పుట్టినది. ఉమ్మడి కుటుంబములో కర్త దుర్మార్గముగా నడచినచో తమ్ముడు వాటా పంచుకొని వేరుపడవచ్చును. కాని పొలము సగమగును, ఇల్లు సగమగును. ఇక్కడ అట్లు కాదు. వేరుపడువాడు మొత్తము ఆస్తిని తీసికొనిపోవును. ఉండినవానికిని మొత్తము మిగులును. సాఫ్టువేరునకు నకలు తీసినంతమాత్రమున అసలు తరుగదు. అయితే అందరును ఎందుకు వేరుపడరు? ఆస్తి రెండింతలగును గాని పనిచేయు చేతులు సగమగును గనుక. వేరుపడు హక్కు ఎప్పుడును ఉన్నందున పెద్ద మరీ నిరంకుశుడు కాలేడు. చేతులు చాలవను భయమున్నందున చిన్నవారు మాటిమాటికి అలిగి పోలేరు. ఈ రెండు కట్లమధ్యనే ఈ సంఘముల చరిత్ర అంతయు నడచినది.

ఇక ఒక్కొక్క సంఘమునే చూతము.

1991 ఆగస్టు 25వ తేదీన ఫిన్లాండు దేశమున హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, ఇరువదియొక్క యేండ్లవాడు, తాను సరదాకొరకు కంప్యూటరును నడపు ఒక మూలవ్యవస్థను వ్రాయుచుంటినని ప్రకటించెను. దానికి లినక్సు అని పేరు వచ్చెను. లోకమంతటినుండి సవరణలు రాసాగెను. అవి అన్నియు ఆయన యొక్కని చేతిమీదుగా లోనికి పోవలెను. ధవళేశ్వరము ఆనకట్టకు ఒక్కటే తలుపుండి, ఆ తలుపును ఒక్కడే ఎత్తవలసివచ్చినచో ఎట్లుండును? ఆట్లే యయ్యెను. 1998 నాటికి పంపిన సవరణలు చేరినవో లేదో తెలియక పలువురు విసిగిరి. మనిషి పెరుగలేదు, పని పెరిగినదని బహిరంగముగనే మొఱపెట్టుకొనిరి.

అంతట క్రమముగా ఒక యేర్పాటు బలపడెను. పరికరములకు ఒకరు, ఫైళ్ల నిలువకు ఒకరు, నెట్‌వర్కునకు ఒకరు అని ఒక్కొక్క భాగమునకు ఒక్కొక్క బాధ్యుడు నిలిచెను. తన భాగమున వచ్చు సవరణలను వాడే పరీక్షించి, నచ్చినవానిని కూర్చి పైకి పంపును. టోర్వాల్డ్స్ ప్రతి పంక్తియు చదువడు; పంపిన మనిషిని నమ్మును. తలకాలువ లాకు దగ్గర ఇంజనీరు ఉండును గాని, ప్రతి పంట బోదె దగ్గర ఆయన నిలువడు గదా. 2004 మొదలు ప్రతి సవరణకును పంపినవాడును, దానిని చూచి పైకి నడిపినవాడును తమ పేర్లు చేవ్రాలుగా చేర్చవలెనను నియమము వచ్చెను. తప్పు బయటపడిననాడు అది ఏ చేతులమీదుగా వచ్చినదో తెలియును. స్వాతంత్ర్యముతోడనే సంతకమును వచ్చినదని గమనింపుడు.

2005లో మరొక విశేషము జరిగెను. అంతవరకు వారు ఒక ప్రైవేటు సంస్థవారి ఉపకరణముతో సవరణలను కూర్చుకొనుచుండిరి. ఆ సంస్థ ఏప్రిలులో ఉచితముగా వాడుకొను అనుమతిని ఉపసంహరించుకొనెను. టోర్వాల్డ్స్ కొలది దినములలోనే స్వయముగా గిట్ అను క్రొత్త ఉపకరణమును వ్రాయ మొదలుపెట్టెను. దీనియందు ప్రతి పనివాని దగ్గరను మొత్తము చరిత్రయొక్క పూర్తి నకలు ఉండును. ఎవరిదగ్గర నున్న నకలు అసలైనది అనునది యంత్రము నిర్ణయింపదు. జనుల నమ్మకము నిర్ణయించును.

పెత్తనము మితిమీరినచో ఏమగునో చెప్పు కథ ఇంకొకటి కలదు. స్టాల్‌మన్ ప్రారంభించిన గ్నూ పనిలో జీ.సీ.సీ. అనునది ముఖ్యమైన ఉపకరణము. మనిషి వ్రాసిన పాఠమును యంత్రరూపమునకు మార్చునది. దాని బాధ్యులు మిక్కిలి జాగ్రత్తపరులు. క్రొత్త సవరణలను చేర్చుకొనుటకు నెలల తరబడి ఆలసించుచుండిరి. 1997లో కొందరు పనివారు విసిగి, అదే పాఠమును తీసికొని ఈ.జీ.సీ.ఎస్. అను పేరుతో వేరు కాపురము పెట్టిరి. పలువురికి చేర్చు అధికారము నిచ్చిరి. పని వడిగా సాగెను. రెండేండ్లు గడచువరకు పాతయింటి వారికి నిజము బోధపడెను. 1999 ఏప్రిలులో వేరుపడిన శాఖనే అధికార శాఖగా అంగీకరించి, పాత పేరు వారికే ఇచ్చిరి. అలిగి వెళ్లిన తమ్మునికే అన్న తాళపుచెవులు పంపినట్లయ్యెను. పెద్దరికమును కాపాడుకొనుటకన్న ఇంటిని కాపాడుట ముఖ్యమని ఎంచుట అందరికిని సాధ్యము కాదు. అందుచేత ఈ కథను నేను పలుమార్లు జ్ఞాపకము చేసికొందును.

ఇక డెబియన్ సంఘము. దీనిని 1993 ఆగస్టులో ఇయాన్ మర్డాక్ అను అమెరికా విద్యార్థి స్థాపించెను. విడివిడిగా దొరకు వేల కొలది సాఫ్టువేరులను సంచులుగా కట్టి, ఒకదానితో నొకటి పొసగునట్లు చేసి ప్రజలకిచ్చుట వారి పని. ఒక్కొక్క సంచికి ఒక్కొక్క బాధ్యుడు. ఆ సంచిలోపల వాని మాటయే చెల్లును. 1998 డిసెంబరులో వీరు తమకొక రాజ్యాంగమును వ్రాసికొనిరి. సంఘ నాయకుని సభ్యులు ఏటేట ఎన్నుకొందురు. కాని నాయకుడు ఎవరికిని ఆజ్ఞ యీయలేడు. తగవు తెగనప్పుడు సాంకేతిక సమితి అని ఒక పెద్దల పంచాయితీ కలదు. ఒక బాధ్యుని నిర్ణయమును త్రోసివేయవలెనన్న, ఆ సమితిలో ఒకరు కాదనినచో ముగ్గురు ఔననవలెను. దానిపైన సభ్యులందరి వోటు.

ఆ రాజ్యాంగమున ఒక నిబంధన నాకు మిక్కిలి నచ్చినది. దాని భావ మిది: సంఘముకొరకు పనిచేయుమని ఎవ్వరిని నిర్బంధింపరాదు, చేయుట ఇష్టము లేనివాడు మానుకొనవచ్చును, కాని సరిగా చేయబడిన నిర్ణయమునకు ఎదురు పనిచేసి అడ్డుపడరాదు. కోరి వచ్చినవారి సంఘమునకు ఇంతకన్న తగిన కట్టుబాటు నేను చూడలేదు. జీతగాని జీతము కోయవచ్చును. ఊరికే వచ్చి పనిచేయువాని నేమి కోయుదుము?

అయినను ఇట్టి సంఘమునకే గొప్ప యాపద వచ్చెను. మా మనుమడు చెప్పిన తగవు ఇదియే. ఇంటర్నెట్టుపై రహస్యముగా మాటలాడుకొనుటకు తాళము వేయు ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అను సాఫ్టువేరు కలదు. 2006లో డెబియనులో ఆ సంచి బాధ్యుడు, ఒక పరీక్షా యంత్రము తప్పుపట్టుచున్న రెండు పంక్తులను చూచెను. మూల సాఫ్టువేరు వ్రాసినవారి సమావేశమున అడిగెను కూడ. స్పష్టముగా వలదని చెప్పినవారు లేరు. శుభ్రము చేయుటకై ఆ పంక్తులను తీసివేసెను. ఆ పంక్తులే తాళములకు యాదృచ్ఛికతను చేర్చునవి. అవి పోగా, లెక్కకు అందకుండవలసిన తాళపుచెవులు, ఒక్కొక్క రకమునకు 32,768 మాత్రమే మిగిలెను. ఒక్కొక్కటిగా ప్రయత్నించి ఎవడైనను తెరువవచ్చును. రెండేండ్లకు సమీపముగా ఈ సంగతి ఎవరికిని తెలియలేదు. 2008 మే 13వ తేదీన బయటపడినప్పుడు లోకమునందలి అసంఖ్యాకములైన యంత్రముల తాళములను మార్చుకొనవలసివచ్చెను.

ఆ బాధ్యుడు దుష్టుడు కాడు, సోమరియు కాడు. తన కాలువలోని డెక్కను కోసెను, అంతే. అడుగవలసినవారిని అడిగెను, కాని అడిగినచోట సమాధానము చెప్పవలసిన బాధ్యత ఫలానివానిదని ఏర్పాటు లేకపోయెను. ఎగువవారికి దిగువవారికి నడుమ మాట నడచు మార్గము పూడిపోయినది. పెత్తనము లేకపోవుట కన్న ఈ మార్గము పూడుటయే ఎక్కువ ప్రమాదమని నాకు తోచినది.

పెద్దల పంచాయితీ కూడ అందరిని తృప్తిపరుపలేదు. 2014 ఫిబ్రవరిలో యంత్రమును మేల్కొలుపు ఏర్పాటు ఏది ఉండవలెనను తగవు సాంకేతిక సమితిలో వోటునకు వచ్చెను. సభ్యులు ఎనిమిదిమంది, చెరి నలుగురైరి. అధ్యక్షుని నిర్ణాయక వోటుతో సిస్టమ్‌డీ అనునది నెగ్గెను. ఓడినవారిలో కొందరు ఆ యేడు నవంబరులో దేవువాన్ అను పేర వేరుపడిరి. అయినను డెబియన్ చెడలేదు. వేరుపడినవారు శత్రువులని ఎవరును వ్యాజ్యము వేయలేదు. వాకిలి తెరచియున్న యింట అలుక తగవుగా మారుట తక్కువ.

ఇక రెండు సంఘములను క్లుప్తముగా చెప్పెదను. అపాచీ వారు 1995లో ఎనమండుగురుగా ప్రారంభించి, 1999లో సంస్థగా ఏర్పడిరి. వారి క్రింద నున్న ప్రతి పథకమునకును స్వంత కమిటీ కలదు. సాఫ్టువేరులో ఏమి వ్రాయవలెనో పై పాలకవర్గము చెప్పదు. కాని ప్రతి కమిటీయు మూడు నెలల కొకసారి తన క్షేమసమాచారమును పైకి వ్రాయవలెను. ఒక్క సభ్యుడు కాదనినను సవరణ నిలిచిపోవును. అయితే కాదనుటకు సాంకేతిక కారణము చూపవలెను. కారణము లేని కాదనుట చెల్లదు. మన సభలలో ఈ నియమమొక్కటి పెట్టినచో ఎన్ని రాత్రులు నిద్రకు దక్కునో!

పైథాన్ అను భాషను 1991లో గీడో వాన్ రోసమ్ ప్రకటించెను. దాదాపు మూడు దశాబ్దములు ఆయన మాటయే తుదిమాట. సభ్యులు ప్రతిపాదనలు వ్రాయుదురు, వాదించుకొందురు, ఆయన తేల్చును. 2018లో ఒక చిన్న ప్రతిపాదనపై వాదము మితిమీరి, దానిని ఆమోదించిన పిమ్మట జూలైలో ఆయన విసిగి పదవిని వదలెను. తన తరువాత ఎవరని చెప్పలేదు; మీరే తేల్చుకొనుడని విడిచెను. సభ్యులు పలు పద్ధతులను వ్రాసి వోటు వేసికొని, అయిదుగురు పెద్దల సమితిని 2019లో ఎన్నుకొనిరి. ఒకే యజమాని క్రింద పనిచేయువారు ఆ అయిదుగురిలో ఇద్దరికి మించరాదని కట్టడి చేసిరి. ఒకే ఇంటివారు సంఘమును పట్టుకొనుట మనకును తెలిసిన జబ్బే. దానికి వారు ముందుగానే మందు వేసికొనిరి.

ఇప్పుడు మన తెలుగువారి సంగతి. కంప్యూటరులో తెలుగు అక్షరములకు లోకమంతట ఒకే సంఖ్యాక్రమము ఉండుట 1991లో వెలువడిన యూనికోడుతో ఆరంభమయ్యెను. 2005లో హైదరాబాదున స్వేచ్ఛ అను సంస్థవారు తెలుగులో ఆజ్ఞలు కనబడు గ్నూ లినక్సు వ్యవస్థను వెలువరించిరి. వీనికన్న పెద్దలకు ఎక్కువగా కంటబడునది తెలుగు వికీపీడియా. ఇది స్వేచ్ఛా సాఫ్టువేరుపై నడచు విజ్ఞాన సర్వస్వము. 2003 డిసెంబరు 9న ఆరంభమైనది. వ్రాయువారు జీతము లేనివారు. వారు కూర్చొని తగవులు తీర్చుకొను పుటకు "రచ్చబండ" అని పేరు పెట్టుకొనిరి. ఆ పేరు చూచియే నేను లోనికి పోతిని.

నేను మొదట మా గ్రామమును గూర్చి వ్రాసితిని. మా పూర్వులొకరు కఱవునాడు ఊరినంతటిని పోషించిరని మా నాయనమ్మ చెప్పిన మాట చేర్చితిని. మరునాడు చూడగా ఆ వాక్యము లేదు. "ఆధారము చూపలేదు" అని మాత్రము ఉన్నది. తీసివేసినవాడెవడో నేనెరుగను, నా వయస్సు వాడెరుగడు. నాకు కోపము వచ్చెను. మా యూరి సంగతి నాకు తెలియునా, ఎక్కడనో కూర్చున్న వానికి తెలియునా యని రచ్చబండపై వ్రాయబోయితిని. వ్రాయుటకు ముందు పొరుగూరి పుటను చూచితిని. అక్కడ వారి పూర్వులును అదే కఱవున అన్ని గ్రామములను పోషించినట్లు ఎవరో వ్రాసియుండిరి! నవ్వు వచ్చి మానితిని. వాక్యము పోయినందులకు మనస్సులోని కష్టము మాత్రము ఇప్పటికిని కొంత కలదు, దాచను.

ఈ సంఘమున అధికారము రెండంతస్తులు. సర్వర్లు నడపుట, సాఫ్టువేరు, కాపీహక్కుల వంటి మూలసూత్రములు అమెరికాలోని వికీమీడియా సంస్థచేతను ప్రపంచ సంఘముచేతను నిలుపబడును. ఏ వ్యాస ముండవలెను, ఎవరు నిర్వాహకులు కావలెను అనునవి ఆ యా భాషలవారే చర్చించి నిర్ణయించుకొందురు. ఈ స్వాతంత్ర్యమునకు 2009 నుండి 2011 వరకు ఒక పరీక్ష వచ్చెను. గూగుల్ సంస్థ జీతపు అనువాదకులచేత, యంత్రము సాయముతో, ఆంగ్ల వ్యాసములను భారతీయ భాషలలోనికి మార్పించి చేర్చించెను. బెంగాలీ సంఘమువారు ఒప్పుకొనలేదు. తమిళులు ఆ సంస్థతో కూర్చొని షరతులు పెట్టిరి. మన తెలుగులో దీర్ఘవ్యాసములు అనేకము వచ్చి చేరెను. సంఖ్య పెరిగినది గాని వాక్యములు తెలుగువి కావు. తరువాతి సంవత్సరములలో మనవారే కూర్చొని వానిని పరిశీలించి, బాగుచేయ వీలుకానివానిని తొలగించుకొనవలసివచ్చెను. ఒకే సంస్థ, ఒకే పని. మూడు భాషలవారు మూడు విధముల నడచిరి. పైనుండి ఒకే ఆజ్ఞ వచ్చియున్నచో ఏ పద్ధతి మేలో లోకమునకు తెలిసియుండెడిది కాదు.

స్వాతంత్ర్యము మితిమీరిన చోటును చూపుట న్యాయము. క్రొయేషియా భాషా వికీపీడియాను కొందరు నిర్వాహకులు చేజిక్కించుకొని, దాదాపు పది సంవత్సరములు చరిత్రను తమ రాజకీయమునకు అనుగుణముగా వంచిరి. ఎదురుచెప్పిన వారిని వెళ్లగొట్టిరి. స్థానిక స్వాతంత్ర్యమని పైవారు చిరకాలము ఊరకుండిరి. 2020లో గాని ఆ పట్టు సడలలేదు; 2021లో సంస్థ విచారణ నివేదికను ప్రకటించెను. మరొక ప్రక్క, 2014 ఆగస్టులో జర్మను సంఘము వలదని వోటు వేసిన ఒక సాఫ్టువేరు మార్పును, అక్కడి నిర్వాహకులు తాకకుండునట్లు సంస్థ ప్రత్యేకమైన తాళము వేసి నిలిపెను. పెద్ద అలజడి చెలరేగెను. 2015 నవంబరులో ఆ తాళమును తీసివేసిరి. ఒకచోట పెద్ద నిద్రపోయెను. ఒకచోట పెద్ద చేయి చేసికొనెను. రెండును తప్పే.

చివరి కథ ఇటీవలిది. ఎక్స్‌జడ్ అనునది ఫైళ్లను కుదించు చిన్న ఉపకరణము. దానిని ఒక్క మనిషి, తీరిక వేళలలో, ఏండ్ల తరబడి నిర్వహించుచుండెను. అలసియుండెను, ఆరోగ్యము సరిగా లేదని తానే వ్రాసెను. పని ఆలస్యమగుచున్నదని కొందరు అజ్ఞాతులు ఒత్తిడి పెట్టిరి. అంతలో మారుపేరుతో ఒకడు సాయము చేయవచ్చి, ఓపికతో మంచి పనులు చేసి, నమ్మకము సంపాదించి, సహబాధ్యుడయ్యెను. పిమ్మట దొంగతలుపు నొకదానిని అందు దాచెను. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రోయిండ్ అను నిపుణుడు, తన యంత్రములోనికి ప్రవేశించుటకు అర సెకను ఎక్కువ పట్టుచున్నదేమని ఆరా తీసి దానిని పట్టుకొని ప్రకటించెను. ఆ అర సెకనును ఆయన ఉపేక్షించియున్నచో లోకమునందలి ఎన్నో సర్వర్ల తలుపులు తెరచుకొనియుండెడివి.

ఇందు తప్పెవరిది? ఆ ఒక్క మనిషికి పూర్ణ స్వాతంత్ర్యము ఉండెను. పైన పెత్తనము లేదు. కాని తోడును లేదు. గట్టుమీద ఒంటరిగా కాపలా యున్న లస్కరుకు ఎవరును అన్నము పంపక, నిద్ర వచ్చుచున్నదన్నను పలుకక, తెల్లవారి గండి పడినదని వానిని నిందించినట్లున్నది. పర్యవేక్షణమనగా తప్పు పట్టుట మాత్రమే కాదు. అలసినవాని చేతిలోని పారను సకాలమున అందుకొనుట కూడ.

మన దేశమున దీనికి పోలికలు లేకపోలేదు. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1997లో రైతుల నీటిపారుదల యాజమాన్య చట్టము వచ్చి, 10,292 నీటి వినియోగదారుల సంఘములు ఏర్పడెను. క్రింద తూముల సంఘము, నడుమ పిల్లకాలువ కమిటీ, పైన ప్రాజెక్టు కమిటీ. కాలువలో డెక్క తీయుట, గట్టు వేయుట క్రిందివారి పని. తలకాలువకు ఎంత నీరు వదలవలెనో నిర్ణయించుట పైవారి పని. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన నాటినుండి మన డెల్టాలో ఎగువ దిగువల తగవు ఉన్నదే. దానిని మాన్పించు చట్టము లేదు. దానిని మాటలలో ఉంచి గునపములదాక పోనీయని ఏర్పాటు మాత్రమే కలదు.

ఈ చరిత్రనుండి నేను తెలిసికొన్నదానిని నాలుగు మాటలలో చెప్పెదను. తన పనిలో తానే నిర్ణయించుకొను హక్కు లేనిచో కోరి వచ్చినవాడు నిలువడు. తన పని ఇతరుల చేలోనికి ప్రవహించుచోట వాడు ముందుగా చెప్పవలెను. చెప్పినప్పుడు విని బదులిచ్చు మనిషి ఒకడు నియమితుడై యుండవలెను. పైవారికి ఆజ్ఞాపించు అధికారము తక్కువగను, లెక్క అడుగు అధికారము నిండుగను ఉండవలెను. వేరుపడువాని దారి మూయరాదు, తిరిగి వచ్చువాని దారియు మూయరాదు. ఎంత స్వాతంత్ర్యము, ఎంత పెత్తనము అను కొలత మాత్రము ఏ రాజ్యాంగమును ఒక్కసారిగా చెప్పలేకపోయినది. నీటి మట్టమును బట్టి తలుపు ఎత్తుచు దించుచు ఉండవలసినదే.

మా సంఘమున ఆ దాళ్వా తగవు ఎట్లు ముగిసినదని మీరు అడుగవచ్చును. ఎవరికిని జరిమానా వేయలేదు. డెక్క కోయదలచినవారు రెండు దినముల ముందు శివారువారికి చెప్పవలెననియు, చెప్పిన పిమ్మట శివారువారు నలుగురు మనుష్యులను పంపి కోసిన డెక్కను గట్టునకు లాగవలెననియు నిర్ణయించితిమి. చెప్పుట ఎగువవారి వంతు, చేయి కలుపుట దిగువవారి వంతు. మరుసటి యేడు ఆ పదిమంది పిల్లలలో ఎనిమిదిమంది మరల నీటిలోనికి దిగిరి. ఇద్దరు రాలేదు; మొదటి యేటి నిందను వారు మరువలేదు. ఆ యిద్దరిని మొదటనే మెచ్చుకొని పిమ్మట తప్పు చెప్పియుండవలసినదని నాకు ఇప్పటికిని అనిపించుచుండును. సెలవు.